సుగుణ కుడికాలుకు నేనేసిన సూది

కాదు, మీరు చెప్పేది నాకు సమజైతలేదు. ఆడమనిషి డాక్టరయితె గైనకాలజీయే ఎందుకు తీసుకోవాలె? మా బాపు గట్లనే అన్నడు. నాతోని చదివిన అమ్మాయిలు అన్నరు. ఆఖరికి పాలు వోసే ఆమె గూడ చెంబుల పాలు వోసుకుంట అన్నది: "కాన్పులు చేస్కుంట రాణి లెక్క బతుకక, ఊకె పిల్లల ముక్కులు తుడుసుకుంట కూసుంటవా బిడ్డా?" అందరికి ఒక్కటే జవాబు చెప్పిన. ఒక్కలు పూర్తిగ ఇనలే. అందుకే రాస్తున్న. చదివినంక అనేదుంటె అనుండ్రి.

ముందుగాల ఒక మాట. పిల్లలంటే నాకు పెద్ద ప్రేమేం లేదు. పిల్లలు ఏడిస్తె నాకు చిరాకు. పిల్లల మీద ప్రేమతోని పీడియాట్రిక్స్ తీసుకున్నదని ఎవరన్న అనుకుంటె, ఆ మంచిపేరు నాకు వద్దు.

మాది బట్ట నేసే ఇల్లు. సుల్తానాబాద్ దగ్గర ఒక ఊరు. నిజాం రాజ్యం పోయినంక మా బాపుకు హైదరాబాదుల టెలిఫోన్ ఆఫీసుల నౌకరి దొరికింది, మేము పట్నం వోయినం. గప్పుడు నేను చిన్నపోరిని. ఇంట్ల ఫోనుండె. నాకు అన్నం లేకున్న నడుస్తది గని ఫోను లేకుంటె నడువది. హౌస్ సర్జన్ చేసేటప్పుడు వార్డుల ఫోను ఎప్పుడు నా చేతులనే. ల్యాబోళ్ల మీద ఒర్రుడు, బ్లడ్ బ్యాంకోళ్ల మీద ఒర్రుడు. ఒర్రితె పనయితుండె. ఏదైన ఫోనుల గట్టిగ మాట్లాడితె అయిపోతదని నేను నిజంగనే అనుకునేదాన్ని.

మా అక్కను మాత్రం మేనమామ కొడుక్కే ఇచ్చిన్రు. బావ ఊర్లనే గుంట మగ్గం మీద చీరెలు నేస్తడు. వాళ్ల బిడ్డ సుగుణ. అప్పటికి రెండున్నరేండ్లు.

హౌస్ సర్జన్ అయిపోయి, పోస్టింగ్ ఆర్డర్ ఇంక రాక, వానకాలంల అక్క దగ్గరికి పోయిన. పోయిన మూడోదినం పొద్దుగాల సుగుణ లేవలే. రోజు లేస్తెనే మగ్గం దిక్కు ఉరికి, గుంటల కాళ్లు ఏలాడేసి బావ పక్కన కూసుంటుండె. గా దినం అక్క ఒళ్లకెల్లి దిగలే. ఒళ్లు కాలుతుంది. తల వంచి చెంబుల పాలు తాగుమంటె మొత్తుకున్నది. నోరు తెరిపిచ్చి చూసిన. గొంతు జర ఎర్రగున్నది.

"టాన్సిల్స్" అన్న.

ఎంత జల్ది అన్ననో. తల ఎందుకు వంచుతలేదని నన్ను నేను అడుగలే. సమాధానం దొరికింది గద, ఇంక ప్రశ్న ఎందుకు.

"రెండు గోలీలు ఇస్త. తడిగుడ్డ ఏద్దాం. రేపటిదాక చూద్దాం" అన్న. గిది సరైన మాటనే. దీని మీద నిలబడి ఉంటె నేను గిప్పుడు గిది రాస్తుండకపోదును.

అత్తమ్మకు, అంటే బావ తల్లికి, నచ్చలే. "గోలీలు కిరాణ దుకాణంల గూడ దొరుకుతయి. దానికి పట్నంకెల్లి డాక్టరు రావాల్నా?"

బావ నేసుడు ఆపకుంటనే అన్నడు: "మరదలా, ఆరేండ్లు చదివింది తడిగుడ్డ ఎయ్యనీకేనా? గా పని మా అవ్వకు చదువకుంటనే వస్తది."

గడపల నిలబడ్డ ఆడోళ్లు నవ్విన్రు. అండ్ల ఒకామె, "సూది ఎయ్యరాదేమో పాపం. కొత్త గద. మెల్లగ నేర్సుకుంటది తియ్యి" అన్నది.

ఇగ నా సంగతి మీకు చెప్పిన గద. మండింది. ఆ మంటలనే స్టవ్ ముట్టిచ్చి సిరంజి ఉడకవెట్టిన. పెన్సిలిన్ కలిపిన. పిల్లను అక్క తొడల మీద బోర్లేసి, కుడిదిక్కు పిర్రకు ఏసిన. చుక్క నెత్తురు రాలే. గడపకాడి ఆడోళ్లు "మంచిగేసింది" అన్నరు. నేను గూడ అనుకున్న, మంచిగేసిన అని.

తెల్లారి జ్వరం దిగింది. అత్తమ్మ గల్లంత చెప్పొచ్చింది. కోర్సు సగంల ఆపొద్దని అదే దిక్కు ఇంకో సూది ఏసిన. ఇంకో ముగ్గురు పిల్లల్ని తెచ్చిన్రు, వాళ్లకు గూడ ఏసిన. ఆ ముగ్గురికి ఏం కాలే. గిది గూడ రాయాలె, ఎందుకంటె నిజం గద.

ఇంకో దినం గడిచింది. మాపటీలి సుగుణ మంచంకోడు పట్టుకోని లేచింది. కుడికాలు మడతవడ్డది. పడ్డది. మల్ల లేచింది, మల్ల పడ్డది. అదేదో ఆటాడుతుందనుకున్నం. మేము నవ్వినం. అక్క, బావ, నేను, ముగ్గురం నవ్వినం. మూడోసారి పడ్డంక అది మా మొకాలు చూసి ఏడ్సింది.

కాలు చేతులకు తీసుకున్న. తడిపిన బట్ట లెక్క ఉన్నది. మోకాలి కింద చేతి అంచుతోని కొట్టిన. ఎడమకాలు ఎగిరింది. కుడికాలు ఎగురలే. రిఫ్లెక్స్ లేదు. సూది సయాటిక్ నర్వుకు తగిలిందనుకున్న. చెయ్యి తప్పిందనుకున్న. ఇంకేం తోచలే నాకు. నా చెయ్యి, నా సూది, నా తప్పు, గదే ఫికర్. పిల్లకేమయిందని కాదు, నేనేం చేసిన అని. రెంటికి ఎంత ఫరక్ ఉన్నదో అప్పుడు తెల్వలే.

"నరం పట్టింది. ఆయిలు రాసి గుంజితె సాఫయితది" అని అత్తమ్మ కూసున్నది. నువ్వుల నూనె కాగవెట్టి, తొడకెల్లి మడిమెదాక పిసికి, కాలు మలిచి, గుంజి, సుగుణ ఒర్రుతుంటె "అయిపోయింది బంగారం, అయిపోయింది" అనుకుంట శానసేపు మాలిష్ చేసింది. నేను పక్కనే కూసున్న. ఆపలే. పొద్దుగాల లేచి మల్ల చేసింది. గప్పుడు గూడ ఆపలే.

అటెన్క బావ సైకిల్ మీద ఎన్కకు కూసోని సుల్తానాబాద్ టపాఖానకు పోయిన. ట్రంక్ కాల్ బుక్ చేసి గంట కంటె ఎక్కువ కూసున్న. లైను హైదరాబాదుల తగిలితె మా బాపే దొరికిండు. "ఏందిరా, గొంతు గట్లున్నదేంది?" అన్నడు. "బాపూ, నన్నేం అడుగకు. పిల్లల వార్డు పెద్దసారును కలుపు" అన్న. బాపు ఇంకో మాట అడుగలే, కలిపిండు.

పెద్దసారుది గుంటూరు దిక్కు. మెల్లగ మాట్లాడుతడు. నేను ఒక్క గుక్కల చెప్పిన: సూది, నర్వు, నా తప్పు.

"ఆగమ్మా. సూది వేసేముందు జ్వరం ఉందా?"

"ఉన్నది సార్."

"మెడ వంచిందా?"

నాకు పాలచెంబు యాదికొచ్చింది. "వంచలే సార్."

"ఇప్పుడు ఆ కాలు గిచ్చితే ఏడుస్తోందా?"

"ఏడుస్తుంది."

"కాలు వెనక్కి లాక్కుంటోందా?"

"లేదు సార్."

లైనుల గుయ్యి మని సప్పుడు. కట్ అయిందనుకోని "హలో, హలో" అని ఒర్రిన. "ఉన్నానమ్మా" అన్నడు. "స్పర్శ ఉంది, కదలిక లేదు. జ్వరం, మెడ. పోలియో అనుకో. ఇంకో సూది వెయ్యొద్దు. కాలు ఎవర్నీ ముట్టనివ్వొద్దు, మాలిష్ అసలొద్దు. పడుకోబెట్టి తీసుకురా. ఊపిరి చూస్తూ ఉండు."

"మాలిష్ చేసిన్రు సార్. రెండుసార్లు."

"తీసుకురా" అని ఇంకోసారి అన్నడు.

ఫోను పెట్టేసి కూసున్న. నా బతుకుల మొదటిసారి, ఫోనుల ఒర్రనీకె నాకు ఎవలు దొరకలే.

బస్సు కండక్టర్ ఎక్కనియ్యలే. పిల్లను అట్ట మీద పండవెట్టి తెచ్చినం, ఆయనకు భయమయింది. "అంటురోగమేమో. దింపుండ్రి" అన్నడు. "నేను డాక్టర్ను, నేను చెప్తున్న, ఎక్కియ్యి" అన్న. "డాక్టరమ్మవైతె సొంతం మోటరు కొనుక్కోరాదు?" అన్నడు. నేను తిట్టిన తిట్లు గిక్కడ రాయనీకె రావు. ఆఖరికి ముందటి సీటుల ముసలాయన లేచి, "ఏ, ఊకోవయా. గీమె నోరు జూస్తె రోగమే భయపడి ఉరికేటట్టున్నది. ఎక్కనియ్యి" అన్నడు. అందరు నవ్విన్రు. ఎక్కినం. కరీంనగర్ల బస్సు మారి హైదరాబాద్ దాక బావ, నేను అట్టను తొడల మీద పట్టుకోనే ఉన్నం.

దవాఖానల ఐసోలేషన్ వార్డు. లంబార్ పంక్చర్ చెయ్యాలె అన్నరు. నడుముల సూది వెట్టి నీళ్లు తీసుడు. బావ నా దిక్కు చూసిండు. "మల్ల సూదా?" అన్నడు. పరీక్షకు గది తప్పదని నేను చెప్పలే. సిస్టర్ చెప్పింది.

రిపోర్టు వచ్చింది. పోలియోనే. నేను పెద్దసారు ఎన్క తిరిగిన. ఏ మందు సార్? ఏ ఇంజెక్షన్ సార్? బొంబాయిల దొరుకుతదా, తెప్పిస్త, ఫోను చేస్త.

"దీనికి మందు లేదమ్మా. చూసుకుంటూ కూర్చోవడమే పని."

నాకు చూసుకుంట కూసునుడు రాదు. నేర్సుకున్న. రోగం ఊపిరి దిక్కు పాకుతదేమో అని సారు ఒకటి చూపిచ్చిండు. పిల్లతోని ఊదిపియ్యాలె. బావ తన ధోతి అంచుకెల్లి ఒక పోగు గుంజి సుగుణ మొకం ముందల పట్టుకున్నడు. "ఊదు బిడ్డా, ఉఫ్." పోగు ఊగితె మంచిది. ఊగకుంటె ఏం చెయ్యాల్నో ఎవరి దగ్గర గూడ గట్టి జవాబు లేదు. మూడు దినాలు గా పోగు దిక్కే చూసినం. ఊగింది. రోగం కాలు కాడనే ఆగింది.

కాలు నొప్పికి ఉన్నిబట్ట ఉడుకునీళ్లల్ల ముంచి పిండి చుట్టాలె. అత్తమ్మ తన గొంగడి పంపింది. కత్తెరతోని పీలికలు పీలికలు కోసినం. అక్క వచ్చినంక గా పని అక్క చేసింది. చేతులు ఎర్రగ ఉబ్బినయి.

ఒక దినం పెద్దసారును అడిగిన. "సూదితోనే అయిందా సార్?"

"వైరస్ ఒంట్లో ముందే ఉంది. నువ్వు వెయ్యకపోయినా పక్షవాతం రావచ్చు. వేశావు కాబట్టి ఆ కాలికే వచ్చి ఉండొచ్చు. ప్రొవొకేషన్ పోలియో అంటారు. మాలిష్‌తో ఇంకొంచెం పెరిగి ఉండొచ్చు. ఈ పిల్ల విషయంలో ఏది నిజమో నేను చెప్పలేను."

"పుస్తకంల ఉన్నదా?"

"ఉంది. రెండు లైన్లు."

ఇంటికి పోయి పుస్తకం తీసిన. ఉన్నయి. నా పుస్తకమే. ఆ చాప్టరు పేజీలు కొత్తగున్నయి, ఒక్క గీత లేదు. మాకు పిల్లల జబ్బులు మెడిసిన్ పేపర్ల ఒక మూలకుంటుండె. ఒక్క ప్రశ్న, అదిగూడ చాయిస్‌ల. చాయిస్‌ల ఇడిసిపెట్టిన. పిల్లల వార్డు పోస్టింగ్ గూడ పదిహేను దినాలే, అండ్ల సగం దినాలు ఫోనుకాడ గడిపిన. రేడియాలజీ, ఆపరేషన్ థియేటర్ గిసోంటివి జోరుదార్ అనిపిస్తుండె. పిల్లలంటే చిన్నసైజు పెద్దోళ్లు, మందు సగం ఇస్తె సరిపోతదనుకున్న. నేనొక్కదాన్నే కాదు, మా బ్యాచ్ శానమంది గట్లనే అనుకున్నరు. గా సర్టిఫికెట్‌తోనే మేమంత ఊర్లల్లకు పోతం. అక్కడ మా ముందల నిలబడేటోళ్లల్ల సగం మంది పిల్లలే.

అక్కకు చెప్పకుంట ఉండలేకపోయిన. వార్డు బయట నల్లాకాడ గొంగడి ముక్కలు పిండుతుంటె చెప్పిన. "అక్కా, నేను సూది ఏసినందుకే గా కాలు పోయిందేమో."

"ఏమో అంటున్నవా, పోయిందంటున్నవా?"

"ఎవలకు తెల్వది."

అక్క చేతిలది పిండి తీగ మీద ఏసింది. "నువ్వు ఎయ్యకుంటె నేనే బజారుకు తీస్కపోయి ఏయించుదును. అందరం అడిగినం." ఇంకోటి తీసింది. "గని మేము అడిగేటోళ్లం. నువ్వు డాక్టరువు."

గంతే. తిట్టలే. తిడితె బాగుండు, నేను గూడ తిరిగి ఏదన్న అందును. గానాటి సంది బావ నన్ను మరదలా అనుడు బంద్ జేసిండు. డాక్టరమ్మా అంటడు. మర్యాదగ.

రెణ్ణెల్లకు ఇంటికి పంపిన్రు. పండుకున్నప్పుడు కాలు వంగకుంట స్ప్లింట్ కట్టాలె, ఇప్పొద్దు. నేను కాయితం మీద రాసిచ్చిన. నాకు పోస్టింగ్ వచ్చింది, పోయిన. ఊర్ల అక్క ఇంట్ల స్ప్లింట్ కట్టంగనే సుగుణ ఏడుస్తుండె, అత్తమ్మకు మనసొప్పకుండె, ఇప్పుతుండె. చంకనెత్తుకోని తిప్పుతుండె. మల్ల నేను పోయి చూసేసరికి మోకాలు వంగి బిగుసుకుపోయింది, పాదం కిందికి ఏలాడుతుంది. మల్ల దవాఖాన, మల్ల ప్లాస్టర్లు, జర జర సాపు చేసుడు. అత్తమ్మ మీద ఒర్రిన. "ప్రేమతోని ఇప్పిన బిడ్డా" అన్నది. నేను కోపంతోని ఏసిన, ఆమె ప్రేమతోని ఇప్పింది. కాలుకు రెండు ఒక్కటే.

క్యాలిపర్ వచ్చింది, ఇనుప కడ్డీలు, తోలు బూటు. తొడకు బలం రావాలని, బావ పక్కన కూసోవెట్టి మగ్గం కాలిచెక్క తొక్కిచ్చిన. వారం దినాలల్ల చెక్క దిగుడు మొదలువెట్టింది. నేను ఎగిరిన. పవర్ వస్తుంది, గ్రేడ్ టూ, గ్రేడ్ త్రీ అని పెద్దసారుకు ఉత్తరం గూడ రాసిన. అక్క నవ్వకుంట అన్నది: "నువ్వు పైకెల్లి చూస్తున్నవు. గుంటలకు దిగి చూడు." దిగి చూసిన. ఎడమకాలు కుడికాలు మీద వెట్టి తొక్కుతుంది. నేను సంతోషపడాలని.

నా పోస్టింగ్ ఇచ్చోడ దిక్కు, అడవి ఊర్ల మధ్యల ఒక హెల్త్ సెంటర్. ఫోను లేదు. అక్కడ జ్వరమున్న పిల్లలకు నేను అవసరం లేకుంట సూది ఎయ్యనన్న. వారం దినాలల్ల "సూదిరాని డాక్టర్‌బాయి" అని పేరువడ్డది. ఒకామె పిల్లగాన్ని చంకనేసుకోని వచ్చింది. "ఓ బాయి, ఏక్ సూదియ్యి, పోత" అన్నది. ఎయ్యనన్న. సుగుణ కథంత చెప్పిన. ఇన్నది, తలకాయ ఊపింది, పక్కూర్ల సూదులేసే ఆయన దగ్గరికి పోయింది. నాకు నాలుగు దినాలు అన్నం సయించలే. అయిదోనాడు సంతల ఎదురైంది. పిల్లగాడు చెరుకుముక్క నములుతుండు, రెండుకాళ్ల మీద ఉరుకుతుండు. "చూస్తివా బాయి, సూదితోని తగ్గె" అన్నది. చుట్టున్నోళ్లు నవ్విన్రు.

ఏం చెప్పాలె? శానమందికి ఏం కాదు. గదే నా ఖర్మ. ఏం కానోళ్లు కండ్లముందట ఉరుకుతరు. అయినోళ్లు ఇంట్ల కూసుంటరు. నేనెట్ల రుజువు చెయ్యాలె?

డీసీహెచ్, అంటె పిల్లల వైద్యం డిప్లొమా, ఇంటర్వ్యూల అడిగిన్రు, ఎందుకు పీడియాట్రిక్స్ అని. పిల్లలంటే ఇష్టమని చెప్పుమన్నది నా దోస్తు. నేను చెప్పలే. "సార్, నాకు పిల్లల వైద్యం రాదు. రాకుంటనే చేసిన" అన్న. ఒకాయన కండ్లద్దాలు తీసి చూసిండు. సీటు ఇచ్చిన్రు. ఎందుకిచ్చిన్రో నేనడుగలే.

ఇప్పుడు మొదటి సంవత్సరం నడుస్తుంది. పొద్దందాక వార్డుల ఉంట. ఏడుపు వినుడు అలవాటయితుంది, ప్రేమ మాత్రం ఇంక రాలే. పోలియోకు చుక్కల మందు వచ్చిందంటున్నరు, మా ఊరిదాక ఎప్పుడొస్తదో తెల్వది. సుగుణకు అయిదో ఏడు. క్యాలిపర్‌తోని నడుస్తది, కడ్డీల సప్పుడు గల్లి మొదట్లకే వినవడ్తది. కుడికాలు సన్నగ, జర పొట్టిగ అయింది. మొన్న పోతె రెండుకాళ్లు పక్కపక్కన చాపి అడిగింది: "సిన్నమ్మా, గీ కాలు ఎప్పుడు పెద్దగయితది?" బూటు పట్టీలు సరిచేసిన.

మీకు ఒక్కటే చెప్త. వానకాలంల చిన్నపిల్లకు జ్వరమొస్తె సూది ఎయ్యుమని డాక్టర్ను సతాయించకుండ్రి. పండనియ్యండ్రి, నీళ్లు తాగిపియ్యండ్రి, మెడ వంచుతుందా, రెండుకాళ్లు ఒక్కతీరు కదుపుతుందా చూడుండ్రి. ఒక్క కాలు వాలిందంటె పిసుకకుండ, గుంజకుండ, పండవెట్టి దవాఖానకు తీస్కపోండ్రి. డాక్టర్ గట్టిగ, గీ సూది తప్పదు అని చెప్తె ఎయ్యనియ్యండ్రి. మీరు అడిగినందుకు మాత్రం కాదు.

గింత చదివినంక గూడ, రేపు మీ పిల్ల ఒళ్లు కాలుతుంటె, నేను మీ ముందల నిలబడి సూది ఎయ్య, రేపటిదాక చూద్దాం అంటె, మీలో ఒక్కలన్న ఊకుంటరా?